అమ్మమ్మ ఉంటేనే ఆడపడుచా?

అమెరికా దక్షిణాదిలో, అంటే అలబామా, మిసిసిపీ, జార్జియాల్లో, చిన్న ఊళ్ళల్లో పేరున్న కుటుంబాలు కొన్ని ఉంటాయి. ఆ ఇంట ఆడపిల్ల పుడితే కాలేజీలో ఏ సొరోరిటీలో, అంటే ఏ అమ్మాయిల సంఘంలో, చేరాలో ఉయ్యాలలోనే తేలిపోతుంది. అమ్మది ఏదైతే అదే, అమ్మమ్మది ఏదైతే అదే. ఇలాంటి పిల్లను ‘లెగసీ’ అంటారు. అక్కచెల్లెళ్ళ అనుబంధం పేరుతో నడిచే ఈ తంతు నిఖార్సయిన వంశపారంపర్య పెత్తనం.

ఆగస్టులో ‘రష్’ జరుగుతుంది. అంటే సొరోరిటీలు కొత్త పిల్లల్ని ఏరుకునే రోజులు. దక్షిణాది పెద్ద యూనివర్సిటీల్లో చాలాకాలం ఒక్కో సొరోరిటీకి ఒక్కో సిఫారసు ఉత్తరం పట్టుకెళ్ళాల్సి వచ్చేది. రాయాల్సింది ఆ సొరోరిటీ పూర్వ సభ్యురాలే. ఊళ్ళో ఆవిడ బ్యాంకు మేనేజరు భార్యో, డాక్టరుగారి తల్లో అయి ఉంటుంది. చర్చిలో ఆవిడ పక్కన కూర్చునే తల్లి ఉంటే ఉత్తరం నడుచుకుంటూ ఇంటికే వస్తుంది. హోటల్లో ప్లేట్లు అందించే తల్లికి పుట్టిన పిల్ల మాత్రం ఫొటో, మార్కుల కాగితాలు పట్టుకుని ముక్కూమొహం తెలియని గుమ్మాల ముందు నిలబడాలి. పలకరిస్తూనే ఇంటిపేరు అడిగి మనిషి విలువ కట్టేసే మన పెద్దమనుషులకు ఈ పద్ధతి విడమరచి చెప్పక్కర్లేదు. ఇక లెగసీ పిల్ల సంగతి. రష్ చివరి రోజు విందుకు పిలిచారంటే చాలా సొరోరిటీల్లో జాబితాలో ముందు వరస ఆమెదే అయ్యేది.

తల్లీకూతుళ్ళ ముచ్చట, ఇందులో తప్పేముంది అంటారు. సరే, తరాలు లెక్క వేయండి. 1956లో ఆథరిన్ లూసీ అనే నల్లజాతి యువతి అలబామా యూనివర్సిటీలో చేరింది. మూడు రోజులు తరగతులకు వెళ్ళిందో లేదో మూక మీదపడింది. యూనివర్సిటీ బహిష్కరించింది మూకను కాదు, ఆమెను. 1963 జూన్‌లో గవర్నర్ జార్జ్ వాలెస్ నల్లజాతి విద్యార్థులను రానివ్వకుండా అదే క్యాంపస్‌లో గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. ఇంక ఏ నల్లజాతి పిల్లకు అక్కడ సొరోరిటీ అమ్మమ్మ ఉంటుంది? ఇది పాత కిటుకే. 1898లో లూసియానా 1867కు ముందు ఓటున్నవాళ్ళ కొడుకులకు, మనవలకు అక్షరాస్యత, ఆస్తి షరతుల నుంచి మినహాయింపు ఇచ్చింది. బానిస మనవడికి ఆ తాత ఎక్కణ్ణుంచి వస్తాడు? ఇలాంటి నిబంధన చెల్లదని సుప్రీంకోర్టు 1915లోనే తేల్చేసింది. ఓటుకు పనికిరాని తాత స్నేహానికి అమ్మమ్మగా మారి వచ్చాడన్నమాట. నల్లజాతి స్త్రీలు 1908లోనే హోవర్డ్ యూనివర్సిటీలో ఆల్ఫా కప్పా ఆల్ఫా అనే తమ సొంత సొరోరిటీ పెట్టుకున్నారు. గెంటేసినవాళ్ళే ‘మీకు మీవి ఉన్నాయి కదా’ అనడం ఎంత సిగ్గుమాలిన మాట!

అడ్డుపడేది ఈ కాలం పిల్లలేనని తోసేయడం కూడా కుదరదు. 2013 సెప్టెంబరులో అలబామా విద్యార్థి పత్రిక ‘ది క్రిమ్సన్ వైట్’ ఒక సంగతి బయటపెట్టింది. చదువులో మేటి అయిన ఒక నల్లజాతి అమ్మాయిని తెల్లవాళ్ళ సొరోరిటీలన్నీ కాదన్నాయి. మాకు ఆమె కావాలి, పూర్వ సభ్యులే పడనివ్వలేదు అని లోపలి అమ్మాయిలే నోరు విప్పారు. వాలెస్ గుమ్మం దిగి యాభై ఏళ్ళయినా ఆ గుమ్మానికి కాపలా తగ్గలేదు. పెళ్ళిళ్ళయి, పిల్లల్ని కని, తమ తమ ఊళ్ళల్లో గౌరవంగా బతుకుతున్న ఆడవాళ్ళు దూరం నుంచే గడియ వేశారు. విద్యార్థులు ఊరేగింపు తీశాక, యూనివర్సిటీ అధ్యక్షురాలు ఆదేశించాక కొందరికి తలుపు తెరుచుకుంది.

2020లో జాతి వివక్షపై జరిగిన నిరసనల తర్వాత చాలా సొరోరిటీలు లెగసీ ప్రాధాన్యాన్ని, సిఫారసు ఉత్తరాలను వదిలేశాయి. మంచిదే. కానీ ఇప్పుడు రష్‌లో ఏం కట్టుకోవాలో, ఎలా మాట్లాడాలో నేర్పే కన్సల్టెంట్లకు డబ్బు కట్టాలి. ఉత్తరం దొరకని పిల్లకు ఆ డబ్బు దొరుకుతుందా? ఇంకోపక్క, తరతరాల ఆనవాయితీ పోయి తమ కూతుళ్ళకు అన్యాయం జరిగిందని కొందరు తల్లులు కుమిలిపోతున్నారు. ఎవరో తెలియదన్న ఒక్క కారణంతో పిల్లను పక్కన పెట్టారనేనా తల్లీ మీ బాధ? మీ ఊళ్ళో మిగతా పిల్లలకు ప్రతి ఆగస్టులో మీరు చేసింది అదే.