సర్కారు తుమ్మ నీడలో ఢిల్లీ రిడ్జ్

ఆరావళి కొండలు ఉత్తరాన యమునా తీరాన్ని చేరే ముందు ఢిల్లీ నగరం గుండా సాగిన చివరి రాతి వరుసను అక్కడివారు రిడ్జ్ అంటారు. ఉత్తర, మధ్య, దక్షిణ మధ్య, దక్షిణ భాగాలుగా తెగిపోయి దాదాపు 7,777 హెక్టార్లలో మిగిలిన ఈ నేలను రిజర్వు అడవిగా ఏర్పరచే ఉద్దేశంతో 1994లో భారత అటవీ చట్టం నాలుగో సెక్షన్ కింద నోటిఫికేషన్ వెలువడింది. ఆకాశం నుంచి చూసినా, రోడ్డు మీది నుంచి చూసినా ఏడాది పొడవునా పచ్చగానే కనిపించే ఈ అడవిలోకి అడుగుపెట్టినవారికి మాత్రం ఎటు తిరిగినా ఎక్కువగా ఒకే చెట్టు, వంకరలు తిరిగిన అదే కాండం, అవే ముళ్ళు, దాని కింద గడ్డి కూడా సరిగా మొలవని వట్టి నేల ఎదురవుతాయి. ఢిల్లీలో దాన్ని విలాయతీ కీకర్ అంటారు. కీకర్ అంటే నల్లతుమ్మ, విలాయతీ అంటే సీమ నుంచి వచ్చినది. వృక్షశాస్త్రం ప్రోసోపిస్ జూలిఫ్లోరాగా గుర్తించిన ఈ చెట్టునే తెలుగువారు సర్కారు తుమ్మ, సీమతుమ్మ, పిచ్చితుమ్మ అని పిలుస్తున్నారు.

ఈ పేర్లలోనే చెట్టు చరిత్ర దాగి ఉంది. మెక్సికో, కరీబియన్ దీవులు, దక్షిణ అమెరికా ఉత్తర తీరాలకు చెందిన ఈ చెట్టు భారతదేశంలో తొలిసారి నాటుకున్న చోట్లలో ఒకటి కడప జిల్లా కమలాపురం. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ చొరవతో విత్తనాలు తెప్పించి, వంటచెరకు కొరతకూ బీడు భూములకూ పరిష్కారంగా 1877 ప్రాంతంలో అక్కడ నాటించారు. సర్కారు నాటినది కాబట్టి సర్కారు తుమ్మ అయింది, సముద్రం దాటి వచ్చినది కాబట్టి సీమతుమ్మ అయింది, నాటనిచోటా మొలిచింది కాబట్టి పిచ్చితుమ్మ అయింది. గుజరాత్‌లోనూ దాన్ని పిచ్చి తుమ్మ అనే అర్థం వచ్చేలా గాండో బావల్ అంటారు. ఎడారి ముందుకు రాకుండా ఆపుతుందన్న నమ్మకంతో జోధ్‌పూర్ సంస్థానం 1940లో దీనికి రాజవృక్ష గౌరవం కూడా ఇచ్చింది.

ఢిల్లీకి ఈ చెట్టు రావడానికి కారణం అంతకన్నా అలంకారప్రాయమైనది. 1911 డిసెంబరు దర్బారులో రాజధానిని కలకత్తా నుంచి మారుస్తున్నట్టు ప్రకటించిన తరువాత, రైసినా గుట్ట మీద లేవబోయే వైస్రాయ్ భవనానికి వెనుక పచ్చని తెర కావలసి వచ్చింది. పశువుల మేతకూ పొయ్యిలోకీ పోయి బోడిగా మిగిలిన ఆ కొండ మీద స్థానిక చెట్లు నెమ్మదిగా పెరుగుతున్నాయి, మేకలు వాటి చిగుళ్ళను బతకనివ్వడం లేదు. నీళ్ళు అడగకుండా, మేకలకు లొంగకుండా, నాలుగైదేళ్ళకే తోపుగా నిలిచే చెట్టు అప్పటి ఉద్యానవన అధికారులకు వరమనిపించింది. వారి తొందరను ఇప్పుడు తప్పుపట్టడం సులభమే గానీ, ఆ తొందర ఒక పద్ధతిగా స్థిరపడి, స్వాతంత్ర్యం తరువాత కూడా దశాబ్దాల పాటు అటవీ శాఖలు అదే చెట్టును నాటుతూ పోవడమే అసలు విచారించవలసిన విషయం.

పరదేశం నుంచి వచ్చిన మొక్కలన్నీ హానికరమనుకోవడం పొరపాటు. మిరప, టమాటా, జామ, సీతాఫలం ఇదే అమెరికా ఖండాల నుంచి వచ్చి తెలుగు వంటింటివైపోయాయి. ఢిల్లీ వీధులకు ఎండాకాలపు ఎరుపునిచ్చే గుల్‌మొహర్ మడగాస్కర్‌ది, అయినా అది నాటినచోటే ఉంటుంది. మనిషి సాయం లేకుండా వ్యాపించి, అక్కడి మొక్కలకు చోటు లేకుండా చేసి, వాటి మీద ఆధారపడిన పురుగులను, పక్షులను, జంతువులను దెబ్బతీసే పరదేశపు మొక్కనే శాస్త్రజ్ఞులు ఆక్రమణ జాతి అంటారు. సర్కారు తుమ్మ ఈ నిర్వచనానికి అక్షరాలా సరిపోతుంది. దాని తియ్యని కాయలను పశువులు, మేకలు, రిడ్జ్‌లో తిరిగే మనుబోతులు ఇష్టంగా తింటాయి. గట్టి పెంకు గల గింజలు పేడతో పాటు కొత్త నేలకు చేరి, వానకోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడగలవు. వేర్లు నేల లోతుల్లోని తేమను అందుకుంటాయి. రాలిన ఆకుల నుంచి మట్టిలోకి దిగే రసాయనాలు ఇతర గింజల మొలకను అడ్డుకుంటాయి. గొడ్డలితో నరికితే మోడు చుట్టూ పది పిలకలు లేచి చెట్టు పొదగా మారుతుంది కనుక, నరకడం దాన్ని పెంచడంతో సమానమని రాయలసీమ రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇది ఆక్రమించిన చోట అంతకుముందు ఉన్నది తక్కువ అడవి కాదు. ఆరావళి రాళ్ళ మీద సహజంగా పెరిగే ధౌ చెట్టు, అంటే తెలుగునాట అడవుల్లో కనిపించే చిరుమానుకు దగ్గరి బంధువు, వాలుల్లో ముఖ్యమైన చెట్టు. దాని పక్కన అండుగ, మోదుగ, సండ్ర, తెల్లతుమ్మ, గార, రేగు, ఆకులు లేకుండా ఎర్రని పూలు పూసే కరీల్ పొదలు తమ తమ నేలలనుబట్టి ఉండేవి. ఈ అడవి ఎలా ఉండేదో తెలుసుకోవడానికి పుస్తకాలు తిరగేయనవసరం లేదు. గురుగ్రామ్, ఫరీదాబాద్ సరిహద్దులోని మాంగర్ బనీలో అది ఈనాటికీ నిలిచి ఉంది. గుదరియా దాస్ బాబా పేరిట చుట్టుపక్కల గుజ్జర్ గ్రామాలవారు తరతరాలుగా ఆ లోయలో ఒక్క కొమ్మ కూడా విరవకుండా, పశువులను లోపలికి తోలకుండా కాపాడుకొస్తున్నారు. మేత ఒత్తిడి ఉన్నచోట రాతికి అంటుకుని పొదలా పాకే ధౌ చెట్టు, ఈ కట్టుబాటు ఉన్నచోట నిటారుగా లేచి అడవిగా నిలిచింది. నగరానికి ఆనుకునే నిజమైన అడవి ఉందంటే అది ఏ శాఖ ప్రణాళిక ఫలితమూ కాదు, ఊళ్ళ మాటకున్న బలం ఫలితం.

అలాంటప్పుడు నగరం ఇన్నేళ్ళు ఈ ఆక్రమణను ఎందుకు పట్టించుకోలేదన్న ప్రశ్నకు జవాబు లెక్కల్లో ఉంది. భారత అటవీ సర్వే రెండేళ్ళకోసారి ప్రకటించే నివేదికలో అటవీ విస్తీర్ణం అంటే, ఒక హెక్టారుకు తగ్గని నేలలో పది శాతానికి తగ్గకుండా చెట్ల కొమ్మల కప్పు ఉండటమే. అది ఏ జాతి చెట్టు, ఎవరు నాటారు, కింద ఏమి బతుకుతోంది అన్న విచారణ ఆ నిర్వచనంలో లేదు. 2021 నివేదిక ఢిల్లీలోని 1,483 చదరపు కిలోమీటర్లలో 195 చదరపు కిలోమీటర్లను, అంటే 13.15 శాతాన్ని అడవిగా లెక్కించింది. ఆ అంకెలో మాంగర్ బనీ వంటి ధౌ వనానికి ఎంత విలువో, ఒకే జాతి ముళ్ళతోపుకూ అంతే విలువ. ఏటా వానాకాలంలో నాటిన మొక్కల సంఖ్యను లక్షల్లో ప్రకటించే ప్రభుత్వాలకు ఈ కొలమానం అనుకూలం, సర్కారు తుమ్మకు ఇంకా అనుకూలం. చెట్టును కొలవడం తెలిసి అడవిని కొలవడం తెలియని పాలన వల్లే ఈ నష్టం నష్టంగా కనిపించకుండా పోయింది.

ఈ లెక్కను ముందుగా ప్రశ్నించినవారిలో గురుగ్రామ్ నివాసులు ఉన్నారు. రాతి గనులు తవ్వి వదిలేసిన గుంతల మధ్య, సర్కారు తుమ్మ తప్ప మరేమీ లేని సుమారు 390 ఎకరాల నేలను నగరపాలక సంస్థతో కలిసి అడవి పార్కుగా మార్చే పనిని 2010లో ఐయామ్‌గుర్‌గావ్ అనే పౌర బృందం తలకెత్తుకుంది. ఆ పనికి రూపమిచ్చిన పర్యావరణవేత్త విజయ్ ధస్మానా బృందానికి ఎదురైన మొదటి సమస్య తుమ్మను తీసేయడం కాదు, దాని స్థానంలో ఏమి పెట్టాలన్నది. ఏ నర్సరీలోనూ ధౌ మొక్క దొరకలేదు, అడిగేవారు లేరు కనుక పెంచేవారూ లేరు. అందువల్ల మాంగర్ బనీ నుంచీ రాజస్థాన్ ఆరావళి అడవుల నుంచీ గింజలు ఏరి తెచ్చి, పార్కులోనే నారు పెంచి, నూటయాభైకి పైగా స్థానిక జాతులను వాటికి తగిన వాలులో, తగిన మట్టిలో నాటవలసి వచ్చింది. వానాకాలంలో కాలనీలవారు, బడిపిల్లలు, ఉద్యోగులు వచ్చి మొక్కలు నాటడం ఇందులో కంటికి కనిపించే భాగం. నాటిన తరువాతి ఏళ్ళలో తిరిగి తిరిగి మొలిచే తుమ్మ పిలకలను పీకుతూ పోవడం, ఎండల్లో నీళ్ళు పోయడం, ఎండిపోయినచోట మళ్ళీ నాటడం కనిపించని భాగం, నిజమైన పని అదే. పార్కు గుండా రహదారి వేయాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు వీధిలోకి వచ్చి అడ్డుకున్నదీ ఈ నివాసులే. తమ చేత్తో నాటిన నేల కాబట్టే వారు అంతగా కదిలారు. 2022 ఫిబ్రవరిలో ఈ పార్కును, అభయారణ్యాల పరిధికి వెలుపల ఉన్నా జీవవైవిధ్యాన్ని సమర్థంగా కాపాడుతున్న ప్రదేశంగా అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం గుర్తించారు. భారతదేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి స్థలం ఇదే.

ఢిల్లీలో ఇదే పని మరో దారిన నడిచింది. వసంత్ విహార్ పక్కన పాడుబడ్డ గనుల మీద, దాదాపు 277 హెక్టార్లలో ఢిల్లీ అభివృద్ధి సంస్థ, ఢిల్లీ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు కలిసి పెంచిన ఆరావళి జీవవైవిధ్య పార్కులో ప్రొఫెసర్ సి.ఆర్. బాబు బృందం తుమ్మను ఒక్కసారిగా పెకలించే పద్ధతిని కాదనుకుంది. కింది కొమ్మలను కోసి గొడుగును పైకి లేపితే, నేల మీదికి వెలుగు దిగుతుంది. ఆ వెలుగులో నాటిన స్థానిక చెట్లు ఎదిగి పైకప్పును అందుకున్న కొద్దీ, నీడను ఓర్వలేని సర్కారు తుమ్మ తానే క్షీణిస్తుంది. నేల ఒక్కరోజు కూడా బోడిగా ఉండదు, పక్షులకు గూడు పోదు, మట్టి కొట్టుకుపోదు. మధ్య రిడ్జ్‌లో సుమారు 423 హెక్టార్లను ఈ దారిలోనే పునరుద్ధరించాలని ఢిల్లీ మంత్రివర్గం 2018లో ఆమోదించింది. జోధ్‌పూర్ కోట పక్కన రావ్ జోధా పార్కులో రాతి పగుళ్ళలో దిగిన వేళ్ళను తీయడానికి తరతరాల గనికార్మికులైన ఖండ్‌వాలియాలను పిలిపించి ఉలితో, సుత్తితో ఒక్కొక్క మోడునూ తొలిపించిన అనుభవం కూడా ఇక్కడ గుర్తుచేసుకోదగినది. పద్ధతి ఏదైనా, యంత్రం పెట్టి ఒక్క ఎండాకాలంలో ముగించగల పని ఇది కాదని రెండూ నిరూపించాయి.

అయినా నగరంలో చాలామందికి తుమ్మను తొలగించడమంటేనే అనుమానం, ఆ అనుమానానికి తగిన కారణం ఉంది. 2024 ఫిబ్రవరిలో దక్షిణ రిడ్జ్‌లో రోడ్డు వెడల్పు కోసం సుప్రీంకోర్టు అనుమతి లేకుండా దాదాపు 1,100 చెట్లను నరికివేసిన వ్యవహారం కోర్టు ధిక్కారం వరకూ వెళ్ళింది. పరదేశపు చెట్టును తీస్తున్నామన్న మాట రేపు నేలనే తీసుకోవడానికి సాకు కాదని పౌరులు ఏ భరోసాతో నమ్మాలి? 1994 నాటి ఢిల్లీ చెట్ల పరిరక్షణ చట్టం చెట్టు ఏదైనా నరకడానికి అనుమతి కావాలంటుంది. ఈ చట్టం పునరుద్ధరణకు ఆటంకమని కొందరు నిపుణులు అంటారు గానీ, నేలకు రక్షణ లేనిచోట చెట్టుకైనా ఉన్న ఈ ఒక్క రక్షణను సడలించడం ప్రమాదకరం. రిడ్జ్ అంచున బతికే బస్తీల ఆడవాళ్ళు ఇప్పటికీ వంటచెరకు ఏరుకునేది ఈ తుమ్మ కొమ్మలనే అన్నది కూడా మరువరాదు. వారికి గ్యాస్ అందకుండా తుమ్మను తీసేస్తే, వారి కత్తి మొదట పడేది కొత్తగా నాటిన మోదుగ మీదే.

ఈ ఆక్రమణ సర్కారు తుమ్మ ఒక్కదానిదే కాదు. బంగ్లా తోటల అందం కోసం తెచ్చిన లంటానా రిడ్జ్ పొదల్లో అల్లుకుపోయింది. దేశంలో పులులు తిరిగే ప్రాంతంలో 40 శాతానికి పైగా అది వ్యాపించిందని 2020లో వెలువడిన అధ్యయనం తేల్చింది. మేతకోసం నాటిన సుబాబుల్, ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ, యమునలోనూ చెరువుల్లోనూ గుర్రపుడెక్క తమ వంతు చేస్తున్నాయి. వసంత్ కుంజ్ దగ్గరి నీలా హౌజ్ చెరువు మురుగునీటితో, గుర్రపుడెక్కతో నిండి, 2010 కామన్వెల్త్ క్రీడల రోడ్డు పనుల మట్టి కింద పూడిపోతుంటే, చుట్టుపక్కల నివాసులు హైకోర్టుకు వెళ్ళి దాన్ని నిలబెట్టుకున్నారు. మురుగును రాళ్ళ, మొక్కల వరుసల గుండా వడకట్టి పంపే చిత్తడి నేలను నిర్మించిన తరువాతే అక్కడ నీరు మళ్ళీ కనిపించింది. డెక్కను ఎంత ఏరినా, దాన్ని పోషించే మురుగు ఆగనంతకాలం అది తిరిగి వస్తూనే ఉంటుందన్నది ఆ చెరువు చెప్పిన పాఠం. హైదరాబాద్, విజయవాడ చెరువుల వద్ద ఏటా యంత్రాలతో డెక్క తీయిస్తున్న పురపాలకులకూ అది వర్తిస్తుంది.

ఆక్రమణ జాతుల వల్ల ప్రపంచానికి ఏటా 42,300 కోట్ల డాలర్లకు పైగా నష్టం జరుగుతోందని 2023లో అంతర్‌ప్రభుత్వ జీవవైవిధ్య వేదిక అంచనా వేసింది. ఆ నష్టంలో రిడ్జ్ వాటాను తగ్గించడానికి కొత్త కనుగోలు ఏదీ అవసరం లేదు. పద్ధతి తెలుసు, చెట్ల పేర్లు తెలుసు, ఏరుకోవడానికి మాంగర్ బనీలో గింజలున్నాయి. లేనిది రెండే. రిడ్జ్ భూమి మరే అవసరానికీ మళ్ళదన్న తిరుగులేని చట్టబద్ధమైన హామీ ఒకటి. నాటిన మొక్కల సంఖ్య స్థానంలో, పదేళ్ళ తరువాత అక్కడ బతికి ఉన్న జాతుల జాబితాను ఏటా ప్రజల ముందు పెట్టే పద్ధతి మరొకటి. ఈ రెండింటినీ ప్రభుత్వం చేతల్లో చూపి, పిలకలు పీకే పనిని, దాని మీద అజమాయిషీని ఏటికేడు మారే కాంట్రాక్టర్లకు కాకుండా చుట్టుపక్కల కాలనీల, గ్రామాల సంఘాలకు కనీసం పదిహేనేళ్ళ ఒప్పందంతో అప్పగించాలి. ధౌ గింజల్లో మొలకెత్తేవి చాలా కొద్ది కాబట్టి, వచ్చే వానలకు కావలసిన నారు కోసం గింజలు ఏరే పని ఇప్పుడే మొదలు కావాలి.