తాపీ అడుగున ఎవరున్నారు?

సీసాలో పట్టిన నీరు ఆ పూట సంగతే చెబుతుంది. అడుగు బురదలోని పురుగులు నెలల తరబడి అక్కడే ఉంటాయి. రాత్రిపూట వదిలిన మురుగు కూడా వాటికి తెలుస్తుంది. ఆక్సిజన్ తగ్గితే మేఫ్లై పిల్లలు ముందు పోతాయి. హీమోగ్లోబిన్ ఉన్న ఎర్రటి కైరోనమస్ లార్వాలు, ట్యూబిఫెక్స్ పురుగులు మిగులుతాయి. కాబట్టి ఎన్ని పురుగులని కాదు, ఎన్ని రకాలని అడగాలి.

మన తాపీలో ఇంకో చిక్కుంది. సింగణ్‌పూర్ కాజ్‌వే పైన నిలిచిన మంచినీరు, కింద సముద్రపు పోటు తెచ్చే ఉప్పు. రెండు చోట్లా ఒకే జీవులు ఉండవు. ఆ తేడాకు మిల్లులను తిట్టడం న్యాయం కాదు. పైభాగాన్ని పైభాగంతోనే పోల్చాలి.

సూరత్ తెలుగువాళ్లలో చాలామందికి మగ్గాలు, డయ్యింగ్ మిల్లులే అన్నం పెడుతున్నాయి. వాటిని మూయమని మేము అనం. నీటి పరీక్షలతో పాటు ఏ ఖాడీలో ఎన్ని రకాల జీవులు మిగిలాయో కూడా కార్పొరేషన్ ఏటా లెక్కించి చెప్పాలంటాం.