తెర మీద చుక్క కాదు... మనిషి!

2019 జనవరి 1 నుంచి రిజిస్టరయ్యే బస్సులు, క్యాబ్‌లలో ట్రాకింగ్ పరికరం, పానిక్ బటన్ ఉండాలన్నది కేంద్రం నిబంధన. మరి పరికరం బిగించడం వస్తే చాలనుకుంటున్నారా? అక్కడే ఆగిపోకండి.

ఆ పరికరం ఉపగ్రహ సంకేతాలతో బండి ఎక్కడుందో లెక్కగట్టి, సిమ్ ద్వారా సర్వర్‌కు పంపుతుంది. ఎత్తయిన భవనాల మధ్య సంకేతం గోడకు తగిలి వస్తే బండి పక్క వీధిలో కనిపించొచ్చు. ఘాట్‌రోడ్డులో నెట్‌వర్క్ పోతే నడుస్తున్న లారీ కూడా ఆగినట్టే ఉంటుంది. ఇది తెలియనివాళ్లు డ్రైవర్ జీతం కోస్తారు. తెలిసినవాళ్లు ముందు అతనికి ఫోన్ చేస్తారు.

ఎక్సెల్, ఎస్‌క్యూఎల్ నేర్చుకోండి. దాంతోపాటు డేటాను అనుమానించడమూ నేర్చుకోండి. ఇంటర్వ్యూలో మిమ్మల్ని నిలబెట్టేది అదే.