రోగి పడకకు సరుకు బండి కమాన్లా?

అంబులెన్సును పిలిచేటప్పుడు మనం అడిగేవి రెండే ప్రశ్నలు. ఎంతసేపట్లో వస్తుంది? ఆక్సిజన్ ఉందా? అడగవలసిన మూడో ప్రశ్న ఒకటున్నది. దశాబ్దాలపాటు ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేసిన నేనూ ఏనాడూ దానిని అడగలేదు. స్ట్రెచర్ కింద ఏ స్ప్రింగులున్నాయి?

గత వర్షాకాలంలో మా అపార్టుమెంటులోని ఒక పెద్దావిడ స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. బాచుపల్లి నుంచి నిజాంపేట, కూకట్‌పల్లి మీదుగా పంజాగుట్ట వరకు ఆవిడ పక్కన కూర్చుని వెళ్లాను. వచ్చినది చిన్న వ్యాన్. పైన దీపం, లోపల సిలిండరు, సెలైన్ కొక్కెం అన్నీ సక్రమంగానే ఉన్నాయి. స్పీడ్ బ్రేకర్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి, నిజాంపేట దాటకుండానే పదకొండు దగ్గర మానుకున్నాను. ప్రతి ఎత్తు దగ్గరా ఆవిడ గోళ్లు నా మణికట్టులో దిగబడుతున్నాయి. ఆపరేషన్ సంగతి తనకు అంతగా గుర్తులేదనీ, ఆ ప్రయాణం మాత్రం మరచిపోలేననీ ఆవిడ ఈనాటికీ అంటారు.

ఇందులో డ్రైవరు తప్పేమీ లేదు. పాపం, అతడు నెమ్మదిగానే నడిపాడు. లోపం బండి అడుగున ఉన్నది. 1984లో వచ్చి 2019 వరకు తయారైన మారుతి ఓమ్నీనే తీసుకోండి. ఎన్నో ఊళ్లలో అంబులెన్సు అంటే అదే. దాని వెనుక ఇరుసుకు ఉన్నవి కమాన్ కట్టలు. పూర్తి బరువు మోయడానికి బిగించిన కమాను, ఒక రోగి, ఒక బంధువు మాత్రమే ఉన్నప్పుడు దాదాపు వంగదు. దెబ్బ నేరుగా పైకి వస్తుంది. ఇంకా విచిత్రమేమంటే, తల ముందువైపు పెట్టి పడుకోబెట్టిన రోగి తుంటి, కాళ్లు సరిగ్గా ఆ వెనుక ఇరుసు దాపునే ఉంటాయి!

మన వెన్నెముక సెకనుకు సుమారు 4 నుంచి 8 సార్ల ఊపును అన్నిటికంటె ఎక్కువగా అందుకుంటుంది. మెత్తని కారు సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగుతుంది. ఖాళీగా ఉన్న సరుకు బండి అంతకంటె వేగంగా, వెన్నుకు గిట్టని హద్దు వైపు జరుగుతుంది. విరిగిన ఎముక కొనలు కదిలిన కొద్దీ నొప్పీ, రక్తస్రావమూ పెరుగుతాయి. ఎముకలు గుల్లబారిన వృద్ధులకు వెనుక సీటులో ఒక్క గట్టి కుదుపుకే వెన్నుపూస నలిగిపోవచ్చు. నెలలు నిండని శిశువు మెదడులోని రక్తనాళాల సున్నితత్వం గురించి వేరే చెప్పాలా?

ఎయిర్ సస్పెన్షన్ అంటే విలాసపు బస్సులకు సంబంధించినదని మన భావన. అందులో ఇంద్రజాలమేమీ లేదు. ఇరుసుకూ చట్రానికీ మధ్య కమానుకు బదులు రబ్బరు గాలి సంచి, దానికి ఒక కంప్రెసరు, ఎత్తును సరిచేసే ఒక వాల్వు. బరువు తగ్గితే గాలి తగ్గుతుంది, పెరిగితే గాలి పెరుగుతుంది. మెత్తదనం ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఒకసారి ఒక్క రోగి, మరొకసారి నలుగురు ఎక్కే బండికి ఇంతకంటె తగినది ఏది? నెపోలియన్ సైన్యపు వైద్యుడు లారీ, 18వ శతాబ్దం చివరలోనే క్షతగాత్రులను మోసే గుర్రపు బండ్లకు స్ప్రింగులు పెట్టించాడు. అలాంటిది, ఐటీ నగరం పక్కన ఉండి మనం రోగిని సరుకు కమాన్ల మీద పంపుతున్నాం.

రోడ్లు బాగుచేస్తే సరిపోదా అని మిత్రులంటారు. చేయండి, తప్పక చేయండి. స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తుకు మించకుండా గుండ్రంగా ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పింది. మన కాలనీల్లో గేటు ముందు రాత్రికి రాత్రి వెలిసే సిమెంటు గట్టును కొలిచి చూడండి. అవన్నీ సరిచేసేవరకు రోగులు ఓపిక పట్టాలా?

అలాగని రేపే ఏదో షెడ్డులో గాలి సంచులు బిగించుకోమని నేను చెప్పడం లేదు. కొన్ని వ్యాన్లలో వెనుక బ్రేకుకు ఎంత ఒత్తిడి పంపాలో ఇరుసుకూ బాడీకీ మధ్య దూరాన్ని బట్టి ఒక వాల్వు నిర్ణయిస్తుంది. ఆ ఎత్తు మార్చి వాల్వును సరిచేయకపోతే బ్రేకు లెక్క తప్పుతుంది. షాక్ అబ్జార్బర్లు అరిగి ఉంటే గాలి సంచి మీద బండి బంతిలా ఎగురుతుంది. పైగా, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. అందుకే నా తగాదా షెడ్డు మేస్త్రీలతో కాదు. వ్యాను కంపెనీలు రోగుల బండికి వేరే సస్పెన్షన్ ఎందుకు ఇవ్వవు? అంబులెన్సులకు ఏఐఎస్-125 ప్రమాణం ఉన్నది కదా, ఫిట్‌నెస్ పరీక్షలో రోగి పడక దగ్గరి కుదుపును ఎందుకు కొలవరు? ఖర్చు అంటారు. సైరనుకు, స్టిక్కర్లకు, రంగు దీపాలకు దొరికిన డబ్బు దీనికి ఎందుకు దొరకదు?

ఈలోగా మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఎముక విరిగిన వారిని కదిలించే ముందు కట్టు పట్టీ సరిగా వేయించండి. చిన్న వ్యాన్, పెద్ద బండి రెండూ అందుబాటులో ఉండి ప్రాణాపాయపు తొందర లేకపోతే పెద్ద బండినే అడగండి. టైర్లలో గాలి మోతాదుకు మించి కొట్టించవద్దని డ్రైవరుకు చెప్పండి. మీ కాలనీ గేటు ముందున్న గట్టు ఎత్తు కొలిచి, అది 10 సెంటీమీటర్లు దాటితే ఫొటో తీసి మున్సిపల్ కార్యాలయంలో ఇచ్చి, రసీదు తీసుకోండి.