సూట్ గదా? మామూలు గదా?

తిరుపతి అయింది, షిర్డీ అయింది, ఊటీ కూడా అయింది. ఇప్పుడు మన ఊళ్లలోనూ 'ఓడెక్కి రెండు రాత్రులు సముద్రం మీద తిరిగొద్దాం' అనే మాట వినిపిస్తోంది. వనపర్తికీ సముద్రానికీ ఏం సంబంధమని నవ్వకండి. ముంబై నుంచి 2021లో, చెన్నై నుంచి 2022లో కార్డీలియా ఓడ యాత్రలు మొదలయ్యాయి. 2022 జూన్‌లో ఆ ఓడ విశాఖపట్నానికి వచ్చినప్పుడు పేపర్లో ఫొటో చూడని వాళ్లు లేరు. 2023 సెప్టెంబరులో విశాఖ పోర్టులో ఇలాంటి ఓడల కోసమే టెర్మినల్ ప్రారంభమైంది. ఇక పిల్లలు ఊరుకుంటారా? కొడుకు ఉద్యోగంలో చేరినా, అల్లుడికి బోనస్ వచ్చినా, మేష్టారు రిటైరైనా ఓడ మాట వస్తోంది.

టికెట్టు కొనేదాకా ఇంట్లో అందరిదీ ఒకే మాట. చిక్కంతా ఆ తర్వాతే. 'మేడం, ఇంకొంచెం కడితే సూట్ ఇస్తాం, కొన్నే మిగిలాయి' అని ఫోను వస్తుంది. ఆ 'ఇంకొంచెం' ఎంతో తెలిశాక ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. 'ఒక్కసారేగా పోయేది, మంచిగ పోదాం' అనేది ఒక పార్టీ. 'పండుకునేటందుకే గద, ఏ గదైతేంది' అనేది రెండో పార్టీ. ఇందులో మన ఆడవాళ్లు దాదాపు ఎప్పుడూ రెండో పార్టీయే! అది పొదుపా, అలవాటా అన్నదే నా ప్రశ్న.

ముందు లెక్క చూద్దాం. లెక్క తేలకుండా మనసు మాట్లాడితే సంసారం నడవదు కదా.

ఓడలో గదులు స్థూలంగా నాలుగు రకాలు. కిటికీ కూడా లేని లోపలి గది. అద్దాల కిటికీలోంచి సముద్రం కనిపించే గది, కాకపోతే ఆ కిటికీ తెరుచుకోదు. బాల్కనీ ఉన్న గది. ఆపైన సూట్, అంటే కూర్చోవడానికి విడిగా చోటు, పెద్ద మంచం, కాస్త పెద్ద స్నానాలగది. కొన్ని చోట్ల బాల్కనీ ఉన్న మామూలు గదినే 'మినీ సూట్' అంటారు. కాబట్టి పేరు విని డబ్బు కట్టకండి. గది ఎన్ని చదరపు అడుగులు, బాల్కనీ ఉందా, అదనంగా ఏమేమి ఇస్తారు... ఈ మూడూ రాతపూర్వకంగా తీసుకోండి. చెప్పే ధర మనిషికా, గదికా అన్నది మరీ ముఖ్యం. ఓడ టికెట్లు సాధారణంగా గదికి ఇద్దరి లెక్కన మనిషికింత అని ఉంటాయి. 'పదిహేను వేలే' అంటే ఇద్దరికి ముప్పై వేలు. పన్ను వేరు.

ఇప్పుడు సమయం లెక్క. రెండు రాత్రుల యాత్ర అంటే మొదటిరోజు మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకు ఎక్కి, మూడోరోజు పొద్దున తొమ్మిది, పదింటికి దిగడం. అంతా కలిపి సుమారు 42 గంటలు. అందులో నిద్ర 14 గంటలు. భోజనాలు, టిఫిన్లు, టీలకు ఏడు. రెండు సాయంత్రాలు పాటలూ ఆటల షోలకు నాలుగు. పైన డెక్కు మీద తిరగడం, పిల్లల్ని నీళ్లలో ఆడించడం, ఫొటోలు... ఎనిమిది అనుకోండి. ఇక మిగిలింది తొమ్మిది గంటలు. స్నానాలు, ముస్తాబు, చీర కుచ్చిళ్లు సర్దుకోవడం అన్నీ అందులోనే! సూట్‌కి తేడా ముప్పై వేలు అనుకుంటే, కళ్లు తెరుచుకుని ఆ గదిలో ఉన్న ప్రతి గంటకూ మూడు వేల పైన. కళ్లు మూసుకున్నాక సూటైనా ఒకటే, లోపలి గదైనా ఒకటే. నిజానికి కిటికీలేని గదిలో నిద్ర ఇంకా బాగా పడుతుందనే వాళ్లున్నారు.

ఓడ కట్టిన వాళ్ల లెక్కా ఇదే. కార్డీలియా వాళ్ల ఎంప్రెస్ ఓడ 1990లో ఫ్రాన్సులో తయారైంది. అప్పట్లో దాని పేరు నార్డిక్ ఎంప్రెస్. అమెరికాలోని మయామి నుంచి మూడు, నాలుగు రాత్రుల చిన్న యాత్రలకోసమే దాన్ని ప్రత్యేకంగా కట్టారు. రెండు మూడు రోజులకు వచ్చేవాళ్లు గదిలో కూర్చోరు, బయటే తిరుగుతారు అనే లెక్కతో గదులు చిన్నవిగా, అందరూ కలిసే చోట్లు పెద్దవిగా పెట్టారు. గది చిన్నదైందంటే మీకేదో తక్కువ చేశారని కాదు, ఓడ పుట్టుకే అంత.

ఇంకో సంగతి. ఖరీదైన గదులు ఎక్కువగా పై అంతస్తుల్లో ఉంటాయి. ఓడ ఊగడం ఎక్కువ తెలిసేదీ పైనే, ముందూ వెనకా కొసల్లోనే. మధ్య భాగంలో, కింది అంతస్తులో ఊపు తక్కువ. బస్సెక్కితేనే నిమ్మకాయ వాసన చూసే మనిషికి పైన సూట్ కొనిపెట్టడం అంటే డబ్బిచ్చి వాంతులు కొనుక్కోవడమే. తుఫాన్ల కాలంలో బంగాళాఖాతం సంగతి చెప్పనక్కర్లేదు.

ఇంతవరకూ చదివితే 'సరే, సూట్ వద్దంటున్నావు' అంటారు. కాదు, అసలు మాట ఇప్పుడు మొదలవుతుంది.

మా వీధిలో ఒక టీచరమ్మ ఇల్లు ఉంది. ఆమె, భర్త, కాలేజీ చదివే కూతురు, మోకాళ్ల నొప్పుల అత్తగారు. నలుగురికీ కలిపి ఒకే లోపలి గది తీసుకుందామన్నది ఇంట్లో తీర్మానం. మూడో మనిషికీ నాలుగో మనిషికీ టికెట్టు తక్కువ పడుతుంది కదా! రెండు పడకలు కింద, రెండు రైలు బెర్తుల్లాగా పైన. 'పెద్దమ్మా, మీకు సరిపోతదా?' అని అడిగితే ఆ పెద్దావిడ 'మనకెందుకు బిడ్డా పెద్ద గదులు, ఏదో ఒక మూలకు ఒరుగుతె అయిపాయె' అంది. టీచరమ్మా అంతే. 'నాదేముంది చెల్లె, వాళ్లు సంబురపడితే చాలు' అంది.

ఈ 'మనకెందుకు', 'నాదేముంది' అనే రెండు మాటలున్నాయే, మన ఇళ్లలో ఎన్ని వేలు మిగిల్చి ఉంటాయో! మిగిలిన ఆ వేలు ఎవరి బండికి, ఎవరి సెల్‌ఫోనుకు పోయాయో ఎవరూ లెక్క రాయలేదు. నలుగురున్న ఆ చిన్న గదిలో జరిగేది ఊహించండి. ఒకే స్నానాలగది. పొద్దున్నే ముందుగా లేచేది ఎవరు? టీచరమ్మ. అందరి తడి తువ్వాళ్లు ఆరేసేది, అత్తగారి మాత్రలు వెతికిచ్చేది, కూతురి క్లిప్పులు, భర్తగారి చార్జరు తీసిపెట్టేది ఎవరు? ఆమే. ఇంట్లో నాలుగు గదుల్లో చేసే పనిని సముద్రం మీద ఒక్క గదిలో చేస్తుంది. దానికి టికెట్టు కూడా కడుతుంది!

మరి సూట్ తీసుకుంటే ఈ బాధ తీరుతుందా? తీరదమ్మా. గది పెద్దదవుతుంది, పని చేసే మనిషి మారదు. సోఫా మీద పడేసిన బట్టలు కూడా ఆమే మడత పెడుతుంది. అందుకే నా మాట ఏమిటంటే, చేతిలో ఉన్న అదనపు డబ్బుతో ఒక సూట్ కన్నా రెండు మామూలు గదులు పక్కపక్కన తీసుకోవడం మేలు. చాలాసార్లు రెండింటికీ ఖర్చులో పెద్ద తేడా ఉండదు, అడిగి చూడండి. రెండు గదులంటే రెండు స్నానాలగదులు, రెండు తలుపులు. పెద్దావిడ, మనవరాలు ఒక గదిలో. భార్యాభర్తలు ఒక గదిలో. పెళ్లయి ఇరవై ఏళ్లయినా ఇద్దరూ ఒక తలుపు మూసుకుని నింపాదిగా మాట్లాడుకున్న రోజులు ఎన్ని ఉంటాయి చెప్పండి? రెండో తలుపు విలువ మనకు తెలిసినంతగా ఆ ఫోను చేసే అబ్బాయికి తెలియదు.

అలాగని సూట్ కొనేవాళ్లంతా దర్పానికి కొంటారని అనను. చంటిబిడ్డకు పాలిచ్చే తల్లి ఉంటే విడిగా కూర్చునే చోటు అవసరం. మెట్లెక్కలేక, గుంపులో నిలబడలేక గదిలోనే గడిపే పెద్దవాళ్లుంటే బాల్కనీ వాళ్ల హక్కు. వాళ్లకు మన తొమ్మిది గంటల లెక్క వర్తించదు. వాళ్లు పగలంతా గదిలోనే ఉంటారు. ఆ నాలుగడుగుల బాల్కనీయే వాళ్లకు సముద్రం మొత్తం. నెలసరి రోజుల్లో ప్రయాణం పడ్డ ఆడపిల్లకు కాస్త ఏకాంతం కావాలి. ముప్పై ఏళ్లు రోళ్లూ రోకళ్లూ అయ్యాక, పిల్లలందరినీ గట్టెక్కించి ఇద్దరే బయల్దేరిన దంపతులు 'ఈ ఒక్కసారి' అనుకుంటే, వద్దనడానికి మనమెవరం? నా ప్రశ్న ఒక్కటే: ఆ గది ఎవరి ఒంటి కోసం, ఎవరి అవసరం కోసం? వాట్సాప్‌లో పెట్టే ఫొటో కోసమైతే మాత్రం, ఓడ డెక్కు మీద నిలబడి తీసుకున్న ఫొటోలో సముద్రం ఇంకా పెద్దగా కనిపిస్తుంది.

ఈ గొడవ ఓడకే పరిమితం కాదు. 2023 డిసెంబరు 9 నుంచి మన తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. మంచిదే, ఎందరికో కాళ్లు వచ్చినట్టయింది. కానీ నడుం నొప్పి ఉన్న మనిషి హైదరాబాదు దాకా నిలబడలేక సూపర్ లగ్జరీ ఎక్కి టికెట్టు కొంటే, ఇంట్లో ఏమంటారు? 'ఫ్రీ బస్సు ఉండంగ పైసలెందుకు దండుగ?' అంటారు. అదే ఇంట్లో మగాయన ఎండలో ఎందుకని ఏసీ బస్సెక్కితే ఎవరూ జవాబు అడగరు. ఆడదాని సుఖానికి ప్రతిసారీ ఒక సంజాయిషీ కావాలి. జ్వరమో, నొప్పో, గర్భమో చూపిస్తే తప్ప మెత్తటి సీటు మంజూరు కాదు!

దీనికి మూలం మన జిల్లా మట్టిలోనే ఉంది. పాలమూరు లేబర్ అని దేశమంతా పేరు. మన తాతలు, అవ్వలు ఊరూరా ప్రాజెక్టుల దగ్గర మట్టి మోశారు. లారీల మీద, మూటల మీద కూర్చుని పోయారు. ఉత్తరాంధ్ర నుంచి 'రంగం' పోయిన కూలీలైతే గది అనే మాటే లేకుండా ఓడ డెక్కు మీద ఎండకూ వానకూ పడుకుని పోయారు. కష్టపడి ప్రయాణించడం వాళ్లకు తప్పనిది. దాన్ని మనం గొప్ప గుణంగా మార్చి, ఇంటి ఆడవాళ్లకు మాత్రం నేర్పుతున్నాం. వాళ్లు అన్ని కష్టాలు పడింది మనవరాలు కూడా మూలకు ఒరగాలని కాదు కదా!

ఇక కొన్ని పనికొచ్చే మాటలు. ఓడ ఎక్కాలంటే వనపర్తి నుంచి ముందు హైదరాబాదు, అక్కడినుంచి రాత్రంతా రైలు. ఒళ్లు హూనమయ్యేది ఓడలో కాదు, ఆ రైల్లో. స్లీపర్‌లో పై బెర్తు ఎక్కలేక పెద్దవాళ్లు పడే బాధ మనకు తెలుసు. సూట్‌కి పెట్టే దాంట్లో నాలుగో వంతుతో మూడో ఏసీలో కింది బెర్తులు, స్టేషన్ నుంచి పోర్టుకు టాక్సీ, మధ్యలో స్నానం చేసి కాసేపు ఒరగడానికి ఒక గది వచ్చేస్తాయి. సుఖం కోసం ఖర్చు పెట్టే రూపాయి, ఎక్కువ కష్టం ఉన్న చోట పెట్టాలి.

గదికన్నా ముందు అడగాల్సింది భద్రత. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పుడు పోయిన ప్రాణాలను మరవద్దు. సముద్రంలో పెద్ద ఓడ వేరే సంగతే. అయినా ఎక్కగానే ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో చెప్పే డ్రిల్ ఉంటుంది. సూట్ వాళ్లూ, లోపలి గది వాళ్లూ అందరూ దానికి పోవాలి. 'మీరు పోయి రండి, నేను సామాన్లు సర్దుతా' అని ఆగిపోకండి.

ఇంకోటి, అప్పు. కొడుకు అడిగాడని, తోటికోడలు వెళ్లిందని మెడలోది బ్యాంకులో పెట్టి సూట్ ఎక్కితే, ఆ రెండు రాత్రుల వడ్డీ రెండేళ్లు కడతాం. ఉన్న డబ్బుతో ఉన్న గదిలో పోదాం. మన సోమశిల నుంచి శ్రీశైలానికి కృష్ణలో నీళ్లు నిండుగా ఉన్నప్పుడు పర్యాటక శాఖ లాంచీ నడుపుతుంది. అందులో సూట్‌లు లేవు, అందరిదీ ఒకే గాలి. ఓడకు డబ్బు చాలకపోతే అదీ యాత్రే, చిన్నతనమేమీ కాదు.

చివరిగా, ఫోను చేసినవాడికి జవాబు చెప్పే ముందు ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి. 'ఎంత?' అని ఒక్కటే అడగకుండా 'ఎవరికి ఏం కావాలి?' అని ఒక్కొక్కరినీ అడగండి. అత్తగారు 'ఏదైతేంది బిడ్డా' అంటే అక్కడితో వదలకండి, ఇంకోసారి అడగండి. మీ వంతు వచ్చినప్పుడు 'నాదేముంది' అనకండి. కిటికీ కావాలంటే కిటికీ అని, వేరే స్నానాలగది కావాలంటే అదేనని నోరు తెరిచి చెప్పండి. డబ్బు సరిపోతే తీసుకుంటారు, లేకపోతే లేదు. కానీ లెక్కలో మీ పేరు ముందుగానే కొట్టేసుకోవద్దు, దాన్ని కొట్టేయడానికి వేరేవాళ్లు ఎప్పుడూ తయారుగానే ఉంటారు. ఏమంటారు?