అప్లికేషన్స్ ఇంజినీరంటే అప్లికేషన్లు రాసేవాడు కాదు

సంబంధాల మాటల్లో అబ్బాయి సెన్సార్ల కంపెనీలో అప్లికేషన్స్ ఇంజినీరు అనగానే మనవాళ్లు అడిగే మొదటి మాట, "మొబైల్ యాప్‌లు చేస్తాడా?" కాదంటే, "అయితే సేల్సా?" ఆ తర్వాత మాట చల్లబడిపోతుంది.

రెండూ కాదండీ. చిప్పు తయారుచేసేవాళ్లకీ, దాన్ని యంత్రంలో పెట్టి వాడుకునేవాళ్లకీ మధ్య నిలబడే మనిషి అతను. ఈ పనికి బళ్లారి వైపు మన పిల్లలు చక్కగా సరిపోతారనీ, మనమే దాన్ని చిన్నచూపు చూస్తున్నామనీ మా అభిప్రాయం.

ఎక్కడికో వెళ్లక్కర్లేదు. సిరుగుప్ప రైసు మిల్లులో సార్టెక్స్ మిషన్ చూడండి. సార్టెక్స్ అనేది నిజానికి లండన్‌లో మొదలైన ఓ కంపెనీ పేరు. వనస్పతి ఏదైనా డాల్డా అన్నట్టే, ఎవరి మిషన్‌నైనా అలాగే అనేస్తున్నాం. బియ్యం ఏటవాలుగా జారి కెమెరాల ముందు నుంచి కిందికి పడతాయి. లోపల వరసగా సిలికాన్ సెన్సార్లు. గింజ నుంచి వచ్చిన వెలుగును అవి కరెంటుగా మారుస్తాయి. నల్లగింజ వస్తే వెలుగు తగ్గుతుంది, వెంటనే చిన్న గాలి వాల్వు తెరుచుకుని దాన్ని పక్కకి ఊదేస్తుంది. అమ్మమ్మలు చేటలో పోసి ఏరిన పనే ఇది.

తెల్లరాయి, గాజుముక్క మాత్రం కంటికి బియ్యంలాగే ఉంటాయి. వాటిని పట్టాలంటే ఇన్‌ఫ్రారెడ్ వెలుగు కావాలి. సిలికాన్ సుమారు 1100 నానోమీటర్ల దాకానే చూడగలదు. ఆపైన చూడాలంటే ఇండియం గాలియం ఆర్సెనైడ్ సెన్సారు పెట్టాలి, అది బాగా ఖరీదు. ఎక్కడ సిలికాన్ చాలుతుందో, ఎక్కడ చాలదో తేల్చి చెప్పేది అప్లికేషన్స్ ఇంజినీరే.

డేటాషీట్‌లో అంకెలు మామూలుగా 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మే నెలలో మన దగ్గర పగలు 40 దాటుతుంది, మిల్లు షెడ్డులో సంగతి చెప్పనే అక్కర్లేదు. వేడికి ఎల్ఈడీ వెలుగు తగ్గుతుంది, ఎర్రది మరీను. సెన్సారులో చీకట్లో కూడా పారే కరెంటు దాదాపు ప్రతి 10 డిగ్రీలకీ రెట్టింపవుతుంది. అద్దం మీద తవుడు దుమ్ము సరేసరి. అన్నీ కలిస్తే మంచి గింజ కూడా మచ్చగింజలా కనపడుతుంది. ఏసీ ల్యాబులో కూర్చున్నవాళ్లకి ఇదంతా ఎవరో ఒకరు వెళ్లి, చూసి, చెప్పాలి.

అసలు కథ డబ్బు దగ్గరుంది. ఎంత పసుపు ఛాయ దాటితే గింజ చెడ్డదో మిషన్‌కి గీత గీసేది మనిషే. గీత బిగిస్తే మంచి బియ్యం రిజెక్షన్‌లోకి పోతాయి. ఆ నష్టం తిరిగి తిరిగి వడ్ల ధరలో కోతగా రైతు దగ్గరికే వస్తుంది. వదులు చేస్తే ప్యాకెట్ కొన్నవాళ్లు తిట్టుకుంటారు. కోతలప్పుడు వాన తగిలి రంగు మారిన వడ్లు ఎలా ఉంటాయో తెలిసినవాడు ఆ గీత దగ్గర ఉండాలి.

ఆ తెలివి మన క్యాంపుల్లో ఉంది. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరులో కలిసింది, పక్కనున్న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో ఉండిపోయాయి. తుంగభద్ర నీళ్లొచ్చాక కోస్తా నుంచి మన పెద్దలు ఇక్కడికొచ్చి మడులు కట్టారు. 1986లో బాపట్ల నుంచి విడుదలైన బీపీటీ 5204 కూడా వాళ్ల వెనకాలే వచ్చేసింది. మన పిల్లలకి వడ్లూ తెలుసు, తెలుగూ కన్నడమూ రెండూ నోట్లోనే ఉంటాయి. మధ్యాహ్నం తర్వాత మిషన్ సరిగా ఊదట్లేదని ఆపరేటరు కన్నడంలో గొణిగితే, అది వేడి వల్లేమోనని అనుమానం రావడానికి ఇంగ్లీషు మాన్యువల్ ఒక్కటే చాలదు.

తిరుగుడు ఉద్యోగమే, కాదనం. లైను ఆగితే అర్ధరాత్రి ఫోన్లొస్తాయి. పేరు మాత్రం డిజైన్ వాళ్లకి పోతుంది.

అయినా ఈసీ చదివే పిల్లలు ఫైనలియర్ ప్రాజెక్టు బెంగళూరులో డబ్బిచ్చి కొనుక్కురావడం ఎందుకు? మన మిల్లు ఓనర్లు మే నెలలో ఒక్కరోజు మిషన్ ఇవ్వండి. ఉదయం 6కి ఓసారి, మధ్యాహ్నం 2కి ఓసారి, ఒకే లాటు బియ్యం పోయించి, రెండుసార్లూ రిజెక్షన్ తూకం వేయించండి.