కోర్టు ఆపగలదు, నడపలేదు

రాజ్యాంగం విషయంలో కోర్టు బలమెంతో, దాని హద్దు ఎక్కడో తెలియాలంటే మన ఏజెన్సీ ప్రాంతాలపై సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదవాలి. మొదటిది 1997 నాటి సమత తీర్పు. విశాఖ మన్యంలో బొర్రా పరిసరాల భూములను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకిచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోరాదని 1959 నిబంధనలు, జనం 1/70 అని పిలుచుకునే వాటి సవరణ శాసిస్తున్నాయి. సర్కారు భూమికి ఆ నిషేధం వర్తించదన్నది ప్రభుత్వ వాదన. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు దాన్ని తోసిపుచ్చారు. వారిది సరైన నిర్ణయం. గిరిజనుడి చెలకకు రక్షణ ఇచ్చి, పక్కనున్న ప్రభుత్వ కొండను కంపెనీకి రాసిచ్చేస్తే షెడ్యూల్డు ప్రాంతాలకు రాజ్యాంగం కల్పించిన ఐదో షెడ్యూలుకు అర్థమే మిగలదు. అధికారం ఎక్కడ ఆగాలో చెప్పడం కోర్టు పని. ఆ పనిని అది నిండుగా చేసింది.

అయినా ఆ తీర్పుతోనే కొండలు భద్రమైపోలేదు. ప్రభుత్వ సంస్థలు తవ్వుకునే వీలు అందులోనే ఉంది. ఆ వీలును పట్టుకుని ఖనిజాభివృద్ధి సంస్థ పేరిట బాక్సైట్ లీజులు, ఖనిజాన్ని ప్రైవేటు కర్మాగారాలకు అందించే ఒప్పందాలు వచ్చాయి. ఆ తవ్వకాలకు వీలు కల్పిస్తూ 2015లో జీవో 97 వెలువడింది. 2019లో ప్రభుత్వం వెనక్కి తగ్గిందంటే, మన్యం గ్రామాలు ఏళ్ల తరబడి పట్టు విడవకపోవడమే ప్రధాన కారణం. తీర్పు వాళ్ల చేతికి ఆధారాన్ని ఇచ్చింది, పోరాటం మాత్రం వాళ్లే చేయాల్సి వచ్చింది.

రెండోది 2020 నాటి తీర్పు. ఏజెన్సీ బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ 2000లో వచ్చిన జీవో 3ను ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసింది, అప్పటికే జరిగిన నియామకాలను మాత్రం షరతులతో కాపాడింది. ఆ జీవోకు ఆధారమైన, ఐదో షెడ్యూలు కింది గవర్నర్ ప్రత్యేకాధికారం కూడా ప్రాథమిక హక్కులకు లోబడే ఉండాలన్న మాటతో నాకు పేచీ లేదు. ఆ అదుపు లేకపోతే అదే అధికారం రేపు గిరిజనుల మీదికే రావచ్చు. కానీ బయటి ఉపాధ్యాయులు బడికి సరిగా రాకపోవడమే ఆ జీవోకు మూలం. ఆ చిక్కుకు నూరు శాతం రిజర్వేషన్ తగిన విరుగుడా కాదా అన్నది కొండమీది బడిని చూసి తేల్చాల్సిన సంగతి. జీవోను రద్దు చేయడం కోర్టు చేతిలో ఉంది గానీ, టీచరును రోజూ బడికి రప్పించడం దాని చేతిలో లేదు.

ప్రభుత్వాలు నిద్రపోతుంటే కోర్టు కాక దిక్కెవరని అడుగుతారు. నిజమే, లైంగిక వేధింపులపై సుప్రీంకోర్టు విశాఖా మార్గదర్శకాలు 1997లో రాకుంటే పనిచేసే చోట మహిళలకు 2013 చట్టం వచ్చేదాకా ఏ ప్రత్యేక ఆసరా ఉండేది కాదు. అయితే పోలీసు సంస్కరణలపై 2006లో ఇచ్చిన ఆదేశాలను చాలా రాష్ట్రాలు ఎలా నీరుగార్చాయో కూడా చూశాం. ఇక, ఎన్నిక కాని న్యాయమూర్తులు తగ్గి ఉండాలనేవారు 1976ను గుర్తుచేసుకోవాలి. ఎమర్జెన్సీలో అక్రమ నిర్బంధాన్ని ప్రశ్నించే దారిని సుప్రీంకోర్టు ధర్మాసనంలో నలుగురు న్యాయమూర్తులు మూసేశారు, హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. మనిషి స్వేచ్ఛ, బలహీనుల హక్కు ప్రశ్నార్థకమైనప్పుడు కోర్టు కఠినంగా ఉండాలి. పాలనలో మార్గాల ఎంపిక దగ్గర మాత్రం అది సంయమనం పాటించాలి.

కాబట్టి జీవో 3ను మళ్లీ తెమ్మని అడిగి ఊరుకుంటే చాలదు. రెండు తెలుగు రాష్ట్రాలూ గిరిజన సలహా మండలిని కూర్చోబెట్టి, బడుల హాజరు లెక్కలు, పిల్లల భాషా అవసరాలు ఆధారంగా కోర్టు పరీక్షకు నిలిచే కొత్త నిబంధన రాయాలి. అది మళ్లీ న్యాయస్థానం ముందుకొస్తే, ఆ ఆధారాలను న్యాయమూర్తులు శాతాల లెక్కకంటే ముందు చూడాలి.